పెరటి మడి నుంచి బొమ్మల క్లాసు దాకా: డ్రాయింగ్ టీచర్ ఇంటి కూరగాయల తోటకి సమగ్ర మార్గదర్శి

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు బళ్లలో డ్రాయింగ్ చెప్పేవాళ్లకి రంగులూ కాగితాలూ ఎప్పుడూ చాలవు. అది అందరికీ తెలిసిన ఇబ్బందే. ఇంతకంటే పెద్దది ఇంకోటుంది. పువ్వు గియ్యమంటే క్లాసంతా గుండ్రటి అయిదు రేకుల పువ్వే గీస్తుంది. చెట్టు గియ్యమంటే కర్ర మీద పచ్చటి మబ్బు గీస్తుంది. ఎదురుగా ఏమీ లేకుండా గియ్యమంటే పిల్లలైనా పెద్దలైనా అంతే చేస్తారు. ఈ రెండు ఇబ్బందులకీ ఇంటి వెనక నాలుగు మడులు చాలా వరకు జవాబు చెబుతాయి. ఇంటికి కూర వస్తుంది, క్లాసుకి రంగులూ అచ్చులూ గియ్యడానికి మొక్కలూ వస్తాయి.

ఇంటి తోట వేసేవాళ్లు వంటిల్లు చూసుకుని విత్తనాలు కొంటారు. డ్రాయింగ్ టీచర్ దాంతోపాటు బడి క్యాలెండర్ కూడా చూసుకోవాలి. ఏ నెలలో పిల్లల చేతికి ఏం ఇవ్వాలో ముందు అనుకుని, దానికి తగ్గట్టు విత్తనం వెయ్యాలి. ఇంకో మాట, దీన్ని నేను గట్టిగా నమ్ముతాను: ఒకే మొక్కని మొలక దగ్గర నుంచి ఎండుకాయ దాకా చూసిన పిల్ల గీసే బొమ్మకీ, ఫోన్లో ఫోటో చూసి గీసే బొమ్మకీ పోలికే ఉండదు. కింద చెప్పేదంతా ఆ అవకాశం పిల్లలకి ఎలా కల్పించాలన్నదే.

మొదటి అడుగు: ఏడాదిని కాగితం మీద పెట్టడం

పాత క్యాలెండర్ వెనకవైపు పన్నెండు గళ్లు గీయండి. ఒక్కో గడిలో మూడు వరసలు: మడిలో పని, వంటింటికి వచ్చేది, క్లాసుకి వచ్చేది. మూడో వరస ఖాళీగా ఉన్న నెల కనిపిస్తే అప్పుడే సరిచెయ్యాలి, విత్తేశాక చేసేదేమీ ఉండదు.

మన వైపు పని రోహిణి కార్తెలో మొదలవుతుంది. మే ఆఖరి వారంలో మట్టి తిరగేసి ఎండబెట్టాలి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది, తొలకరి పడుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జూన్ మధ్యలో రజ పండగ మూడు రోజులూ ఒడియావాళ్లు నేలకి నాగలి గానీ పార గానీ తగలనివ్వరు, భూమాతకి అవి విశ్రాంతి రోజులు. మా ఇంట్లో కూడా ఆ మూడు రోజులు పార పట్టం. కాబట్టి గుంతలు తవ్వడం, గత్తం (పశువుల ఎరువు) వెయ్యడం రజకి ముందే పూర్తి చేసి, పండగ వెళ్లాక విత్తుకోవాలి. వేసవి సెలవులయ్యి బడి గాడిన పడేసరికి మొలకలు వచ్చి ఉంటాయి. లెక్క బాగా కుదురుతుంది.

అక్టోబరు గడిలో ఎర్ర సిరాతో ‘గాలి’ అని రాసుకోండి. 2013లో ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాలపురం దగ్గర అక్టోబరు 12న తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర అదే తేదీన దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర అక్టోబరు 11న తీరం దాటి గజపతి జిల్లాని ముంచేసింది, కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. మూడూ చిత్త కార్తె వచ్చే రోజుల్లోనే. పందిళ్లు ఎంత ఎత్తు వెయ్యాలి, దేనిమీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు అన్నవి ఈ గడిని చూసే తేల్చుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలం పంటలు, క్లాసులో కూడా ఎక్కువ పని జరిగే కాలం. మార్చిలో పరీక్షలు, విత్తనాల సేకరణ.

రెండో అడుగు: చోటు, మట్టి

రోజుకి కనీసం ఆరు గంటలు ఎండ పడే చోటు చూసుకోండి. మడి వెడల్పు మూడడుగులు దాటకూడదు. అయిదో క్లాసు పిల్ల గట్టు మీద కూర్చుని మధ్యలో ఉన్న మొక్కని అందుకోగలగాలి, కాగితం ఒళ్లో పెట్టుకుని గియ్యగలగాలి. రెండు మడుల మధ్య దారి కూడా రెండడుగులుండాలి, లేకపోతే గీసే పిల్లలు మొక్కలు తొక్కేస్తారు. వానాకాలంలో మడి నేలకంటే జానెడు ఎత్తులో ఉండాలి. మన ఎర్రనేలల్లో నీళ్లు తొందరగానే ఇంకుతాయి కానీ పల్లంలో నిలిస్తే వంగ, మిరప వేళ్లు కుళ్లిపోతాయి.

రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు బాగా చివికిన గత్తం కలపండి, గుప్పెడు బూడిద చల్లండి. పచ్చి పేడ వెయ్యొద్దు. మట్టి తవ్వేటప్పుడు పైన గట్టిపడిన ఎర్రమట్టి గడ్డలు ఒక బుట్టెడు పక్కన తీసిపెట్టండి, రంగు చేసే పనికి కావాలి.

బడి ఆవరణలో చోటుంటే అక్కడ కూడా రెండు మడులు వేసుకోవచ్చు. బళ్లలో పోషణ తోటలు పెంచడానికి కేంద్రం 2019లో మార్గదర్శకాలిచ్చింది, కాబట్టి హెడ్మాస్టరు గారిని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అయినా అసలు తోట ఇంట్లో ఉండడమే మేలని నా అభిప్రాయం. సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు, రాత్రిపూట పశువుల్ని తోలేవాళ్లు ఇంట్లోనే ఉంటారు.

మూడో అడుగు: ఏం వెయ్యాలి, ఎందుకు వెయ్యాలి

బెండ, గోంగూర, తోటకూర, బచ్చలి, వంగ, మిరప, బీర, ఆనప (సొర), చిక్కుడు, గుమ్మడి. చలికాలానికి టమాటా, ముల్లంగి. గట్టు మీద బంతి, దడికి శంఖుపూల తీగ. నలుగురున్న ఇంటికి ఇది బాగా సరిపోతుంది.

బెండ గింజల్ని రాత్రి నానబెట్టి, అడుగు దూరంలో రెండేసి చొప్పున వెయ్యండి. యాభై రోజుల్లోపే కాయ కోతకొస్తుంది. గోంగూర, తోటకూర నెల తిరిగేసరికి చేతికొస్తాయి, కాబట్టి వాటిని పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెంగా వేసుకోవాలి. బచ్చలికి విత్తనం కోసం వెతకొద్దు, పక్కింటివాళ్లని జానెడు తీగ అడిగి తడిమట్టిలో గుచ్చితే చాలు. వంగ నారు నెల దాటాక నాటాలి. బీర, ఆనప, గుమ్మడికి అడుగున్నర గుంత తీసి, నాలుగు గింజలేసి, బలమైన రెండు మొక్కలుంచండి.

నాటు చిక్కుడు సంగతి వేరు. పగటి పొద్దు తగ్గితేనే అది పూతకొస్తుంది. ఎంత ముందు వేసినా అక్టోబరు, నవంబరు దాకా పూత చూపించదు. జూలై, ఆగస్టుల్లో వేసుకుంటే సంక్రాంతికి ఇంటినిండా కాయలే. రథసప్తమికి రథం కట్టడానికి కూడా మిగులుతాయి.

ప్రతి రకంలోనూ ఒక మొక్కని క్లాసు పేరున వదిలెయ్యండి. దాని కాయ కొయ్యకూడదు. బెండ ముదిరి, ఎండి, ధారల వెంట పగిలి గింజ చూపించేదాకా ఉంచాలి. బీరకాయ చెట్టు మీదే పీచైపోవాలి. ముల్లంగి పూతకి వెళ్లి, కాయ కాసి ఎండాలి. ఇంట్లో దీని మీద వాదన వస్తుంది, లేతకాయ చూస్తూ ఎవరూ వదలరు. అందుకే మా ఇంట్లో అలాంటి మొక్కకి ఎర్రగుడ్డ కడతాం. ‘గుడ్డ కట్టిన చెట్టు ముట్టుకోకండర్రా, అది విత్తనానికి’ అని మా అత్తగారే పిల్లల్ని అదిలిస్తారు. ఆ చెట్టే క్లాసుకి మోడల్, మరుసటి ఏడాదికి విత్తనం కూడా అదే ఇస్తుంది.

మొక్కల పేర్లు రాయడానికి పాత ఇంటి పెంకు ముక్కలు తీసుకోండి. అంచులు బండమీద అరగదీసి, ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో పేరు రాయించండి. ఒడియా పిల్లలు తెలుగు అక్షరాలు గీస్తారు, తెలుగు పిల్లలు ఒడియా అక్షరాలు గీస్తారు. అక్షరం గీత ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో ఒకరికొకరు చూపించుకుంటారు. అక్షరాలు అందంగా రాయడం మీద పాఠం విడిగా చెప్పక్కర్లేదు.

నాలుగో అడుగు: పందిరి, పూసే వేళలు

పందిరి ఆరడుగులకి మించొద్దు. వెదురు గుంజలు, అడ్డంగా సన్న వెదురు బద్దలు, పైన కొబ్బరి తాడు వల. తుఫాను హెచ్చరిక వస్తే తాళ్లు విప్పి వలని తీగతో సహా నేల మీదకి దించగలిగేట్టు ముళ్లు వెయ్యాలి. ఇనుప తీగతో బిగిస్తే ఆ వీలుండదు.

డ్రాయింగ్ టీచర్‌కి పూసే వేళలు తెలిసి ఉండాలి. గుమ్మడి పువ్వు తెల్లవారకముందే విచ్చుకుని ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది. బెండ పువ్వు ఉదయం విచ్చి సాయంత్రానికి వాలిపోతుంది, దాని బతుకు ఒక్క పూటే. బీర పసుపు పువ్వు, ఆనప తెల్ల పువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. కాబట్టి గుమ్మడి, బెండ పూలు మొదటి పీరియడ్‌లోనే గియ్యాలి. బీర, ఆనప పూలు గియ్యాలంటే బడి వదిలాక పిల్లల్ని ఇంటికి రమ్మనడమే దారి.

తీగజాతిలో మగపూలు ముందొస్తాయి, ఆడపూలు తర్వాత. ఆడపువ్వు వెనక చిన్న కాయ ముందే ఉంటుంది. ఈగలు, తేనెటీగలు తక్కువగా తిరిగే వానరోజుల్లో మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. ఈ పని పిల్లలకి వాడని మెత్తటి బ్రష్ ఇచ్చి చేయించండి. తను బ్రష్ పెట్టిన పువ్వు కాయ అయిందా లేదా అని చూసుకోవడానికి ఏ పిల్లా మర్చిపోదు.

అయిదో అడుగు: మొలక పట్టీ

జూన్ ఆఖర్లో క్లాసులో చేసే మొదటి పని ఇదే. గాజు గ్లాసు లోపల తడిగుడ్డ చుట్టి, గుడ్డకీ గాజుకీ మధ్య బొబ్బర గింజలు పెట్టండి. అడుగున కొంచెం నీళ్లుండాలి. రెండు మూడు రోజుల్లో వేరు కనిపిస్తుంది. క్యాలెండర్ కాగితాల్ని నిలువుగా చీల్చి అతికిస్తే పొడవాటి పట్టీ తయారవుతుంది. రోజుకో బొమ్మ, అసలు ఎంత ఉందో అంతే సైజులో, పక్కన తేదీ. వేరు కిందకి దిగడం, కాడ వంగి పైకి లేవడం, గింజ రెండుగా చీలడం అన్నీ పట్టీ మీద వరసగా కనిపిస్తాయి. రబ్బరు వాడనివ్వొద్దు. నిన్నటి గీత తప్పయితే ఈరోజు బొమ్మ దాన్ని సరిచేస్తుంది.

మొక్కకి అసలు ఆకులు వచ్చాక గ్లాసు నుంచి తీసి మడిలో నాటండి. పట్టీ కొనసాగుతుంది, ఇక వారానికో బొమ్మ చాలు.

ఆరో అడుగు: చూసి గియ్యడం

ఇక్కడ తొందరపడొద్దు. ఏడాది పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

బీర పాదు నులితీగ ఒకటి చూడండి. తీగ నుంచి బయల్దేరి పందిరి తాడుని పట్టుకుంటుంది, పట్టుకున్నాక చుట్టలు తిరిగి బిగుసుకుంటుంది. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టి గియ్యమంటే చాలామంది ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వైపు తిరిగే చుట్టలు గీస్తారు. ‘మధ్యలో ఏముందో మళ్లీ చూడు’ అని మాత్రం చెప్పండి. చుట్టలు కొంతదూరం ఒకవైపు తిరుగుతాయి, మధ్యలో ఒక చోట కొంచెం తిన్నగా సాగి, అక్కడి నుంచి రెండో వైపు తిరుగుతాయి. రెండు చివరలూ పట్టుబడి ఉన్న నులితీగ అలా తిరక్క తప్పదు. ఒకేవైపు తిరిగితే మధ్యలో మెలిపడిపోతుంది. కావాలంటే తాడు ముక్క ఇచ్చి ఇద్దరు పిల్లల్ని చెరో చివర పట్టుకోమని, మధ్యలో మెలి తిప్పి చూపించండి. దీన్ని స్వయంగా కనిపెట్టిన పిల్ల ఆ తర్వాత ప్రతి మొక్కనీ అనుమానంగా చూస్తుంది. మనకి కావలసింది ఆ చూపే.

బెండ పువ్వు ఇంకో మంచి పాఠం. లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు మెరూన్ మచ్చ. రేకులు ఒకదాని మీద ఒకటి ఒకే దిశలో ఎక్కి ఉంటాయి. ముందు మచ్చ ఆకారం గియ్యమనండి, తర్వాత రేకుల మధ్య ఖాళీలు, చివర్లో రేకుల అంచులు. పువ్వుని బయటి నుంచి గియ్యడం అలవాటైన చేతికి ఇది కొత్తగా ఉంటుంది.

నల్లగీతకి బొగ్గుని మించింది లేదు, అది ఇంట్లోనే చెయ్యొచ్చు. మన కొండ పల్లెల్లో కంది పంటకి లోటు లేదు. ఎండిన కంది కంప నుంచి తిన్నటి పుల్లలు ఏరి, బెరడు తీసి, పెన్సిలంత ముక్కలు చెయ్యండి. పాలపొడి డబ్బాలో బిగుతుగా నింపి, మూతకి మేకుతో ఒక చిల్లు పెట్టి, కట్టెలపొయ్యిలో పెట్టండి. చిల్లులోంచి పొగ వస్తుంది. పొగ పూర్తిగా ఆగాక డబ్బా బయటికి తీసి, చల్లారేదాకా మూత ముట్టుకోకండి. వేడి మీద తీస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుని బూడిదైపోతాయి. ఇది పెద్దవాళ్లు చెయ్యాల్సిన పని. బొగ్గు బొమ్మ చెదరకుండా ఉండాలంటే వెన్న తీసిన పాలలో అంతే నీళ్లు కలిపి సన్నటి తుంపరగా కొట్టండి.

ఏడో అడుగు: పురుగూ తెగులూ

బెండ ఆకుల్లో ఈనెలు పసుపు పచ్చగా మారి, మధ్యలో పచ్చదనం ముక్కలు ముక్కలుగా మిగిలితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది. ఆ మొక్కకి మందు లేదు, పీకెయ్యాలి. పీకే ముందు ఒక ఆకు క్లాసుకి తీసుకెళ్లండి. ఈనెల అల్లిక అంత స్పష్టంగా ఇంకే ఆకులోనూ కనిపించదు.

తెల్లదోమకి పసుపు రంగంటే ఇష్టం. పాత అట్టముక్కలకి పిల్లలతో నిండు పసుపు రంగు వేయించి, ఆరాక ఆముదం పూసి, మొక్కలకంటే కొంచెం ఎత్తులో వేలాడదీయండి. దోమలు అతుక్కుంటాయి. వారానికోసారి తుడిచి మళ్లీ ఆముదం రాయాలి. చిక్కుడుకి పేనుబంక పడితే వేపగింజల కషాయం చాలు: లీటరు నీళ్లకి 50 గ్రాముల వేపపప్పు పొడి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. వంగలో వాలిన మొవ్వలు కనిపిస్తే వెంటనే తుంచి కాల్చెయ్యండి, లోపల పురుగుంటుంది. బీర పిందెలకి కాగితం సంచులు తొడిగితే పండుఈగ దూరదు.

ఎనిమిదో అడుగు: రంగులు చెయ్యడం

ఏ రంగు నిలుస్తుంది, ఏది వెలిసిపోతుంది అన్నది ముందే తెలుసుకుని మొదలుపెట్టాలి. మట్టి, మసి, ఇనుపనీళ్ల నలుపు నిలుస్తాయి. బచ్చలిపండ్ల రసం, పసుపు, శంఖుపువ్వు ఎండకి వెలుస్తాయి. బంతి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఇది నోటితో చెప్పడం కంటే చేసి చూపించడం మంచిది. ఒక అట్ట మీద అన్ని రంగులూ పట్టీలుగా వేయించి, సగం మీద నల్లకాగితం కప్పి, రెండు వారాలు ఎండ తగిలే కిటికీలో పెట్టండి. కప్పు తీసిన రోజు క్లాసు అంతా కిటికీ దగ్గరే ఉంటుంది.

అన్నిటికీ కావలసింది జిగురు. తుమ్మజిగురు ఒక వంతు, నీళ్లు రెండు వంతులు, రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టండి. నాలుగు లవంగాలు వేస్తే బూజు పట్టదు. ఇందులో రంగుపొడి నూరి కలిపితే వాటర్ కలరే.

ఎర్రమట్టి రంగు ఇలా చెయ్యాలి. పక్కన పెట్టిన గడ్డల్ని దంచి బకెట్ నీళ్లలో కలిపి, ఇరవై దాకా లెక్కపెట్టండి. ఇసుక అడుక్కి దిగిపోతుంది. పైన ఎర్రటి నీళ్లు మాత్రం రెండో గిన్నెలోకి వంచండి. అది రాత్రంతా కదలకుండా ఉంటే మెత్తటి మట్టి అడుగున చేరుతుంది, పైన తేటనీళ్లు పారబొయ్యండి. మిగిలిన ముద్దని పళ్లెంలో ఎండబెట్టి నూరితే వేళ్లకి వెన్నలా తగిలే రంగు వస్తుంది. కొండ దారిలో పసుపు మట్టి, తెల్ల సుద్ద కనిపిస్తే వాటికీ ఇదే పద్ధతి.

మసి కోసం ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించండి, ఇంట్లో కాటుక పట్టినట్టే.

ఇనుపనీళ్ల నలుపు పిల్లలకి అన్నిటికంటే ఇష్టం. తుప్పుపట్టిన మేకులు, బెల్లం ముక్క, నీళ్లు ఒక కుండలో వేసి రెండు మూడు వారాలు మూలన పెట్టండి. వాసన వస్తుంది, కాబట్టి క్లాసులో వద్దు. ఇంకోపక్క కరక్కాయలు దంచి మరగబెట్టి ఆ కషాయం కాగితానికి పూసి ఆరనివ్వండి. కాగితం లేత పసుపుగా ఉంటుంది. దాని మీద వడకట్టిన ఇనుపనీళ్లతో గీస్తే గీత కళ్లముందే నల్లబడుతుంది. కలంకారీ పనివాళ్లు నలుపు తెచ్చేది ఈ పద్ధతిలోనే. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి ఆ నలుపు పుడుతుంది.

బంతిపూల రేకుల్ని లీటరు నీళ్లకి రెండు గుప్పిళ్ల లెక్కన అరగంట మరగబెట్టి, చిటికెడు పటిక వేస్తే మంచి పసుపు. అందులో ఇనుపనీళ్లు నాలుగు చుక్కలు కలిపితే ముదురు ఆలివ్ రంగుకి తిరుగుతుంది, ఆకులకి అదే వాడుకోవచ్చు.

శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీలం. నిమ్మరసం పిండితే ఊదా నుంచి గులాబీకి మారుతుంది, వంటసోడా వేస్తే ఆకుపచ్చ వైపు వెళుతుంది. పసుపునీళ్లు పూసి ఆరిన కాగితం మీద సున్నపుతేటతో గీస్తే గీత ఎర్రబడుతుంది, పారాణి చేసే ఇళ్లలో పిల్లలకిది తెలిసిందే. దాని మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపే. సున్నంతో పని టీచర్ చేతిలోనే ఉండాలి, కంట్లో పడితే ప్రమాదం. సైన్స్ టీచర్‌ని కూడా ఆ పీరియడ్‌కి పిలవండి, ఇద్దరి పాఠమూ అయిపోతుంది.

తొమ్మిదో అడుగు: కూరగాయలతో అచ్చులు

మధ్యాహ్న భోజనం కోసం బడికొచ్చే పిల్లలున్న క్లాసులో తినే కూరగాయని కోసి రంగులో ముంచడం సరికాదు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. ముదిరి వంటకి పనికిరాని బెండకాయలు, పురుగు తొలిచిన వంకాయలు, ఉల్లిపాయ వేరు మొదలు, అరటిమట్ట, బీరపీచు, ఇవే వాడాలి. ఇవన్నీ ఎలాగూ గత్తంగుంతకి వెళ్లేవే.

ముదిరిన బెండని అడ్డంగా కోస్తే అయిదు గదుల చుక్క వస్తుంది. కొన్ని రకాల్లో ఆరు, ఏడు గదులు కూడా ఉంటాయి, లెక్కపెట్టమనండి. కోసిన ముఖాన్ని అరగంట ఆరబెట్టకపోతే జిగటకి రంగు పట్టదు. అరటిమట్ట అడ్డుకోత చూడండి, నెలవంక ఆకారం లోపల గళ్లు గళ్లుగా గదులుంటాయి. దాన్ని వరసగా అద్దితే చేప పొలుసుల్లా చీర అంచు తయారవుతుంది. బీరపీచుతో రాతిగోడ, మట్టినేల లాంటి గరుకుదనం వస్తుంది.

పళ్లెంలో రంగు పోసి ముంచొద్దు. నాలుగు మడతల గుడ్డని రంగులో తడిపి పళ్లెంలో పరిచి, దాని మీద అద్ది కాగితం మీద వెయ్యాలి. కాగితం కింద పాత దినపత్రికలు మెత్తగా పరుచుకోండి. నొక్కి, లెక్కపెట్టి, తిన్నగా పైకి ఎత్తాలి.

పదో అడుగు: మార్గశిరం, గోడ

మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలో లక్ష్మీపూజకి నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండితో ఝోటి వేస్తారు: వరికంకులు, అమ్మవారి పాదాలు, తీగలు. అదే రోజుల్లో ధనుర్మాసం వస్తుంది, మన ఇళ్ల ముందు ముగ్గులు మొదలవుతాయి. ఝోటి తడిపిండిలో ముంచిన వేళ్లతో వేసేది, ముగ్గు పొడిపిండి వేళ్లమధ్య నుంచి జార్చేది. చెయ్యి కదిలే తీరే వేరు. ఇద్దరు తల్లుల్ని బడికి పిలిచి పక్కపక్కన వేయించండి. తర్వాత పిల్లలు రెండు పద్ధతుల్లోనూ చిక్కుడు తీగ వెయ్యాలి. షరతు ఒక్కటే, ఫోన్లో చూసిన డిజైన్ కుదరదు, మడిలో ఉన్న తీగ చూసే వెయ్యాలి. అప్పటికి చిక్కుడు ఊదాపూలతో నిండుగా ఉంటుంది.

గజపతి, రాయగడ బళ్లలో సవర గిరిజన పిల్లలుంటారు. వాళ్ల ఇళ్లలో గోడ మీద ఎర్రమట్టి పూసి, వెదురుపుల్ల బ్రష్‌తో బియ్యప్పిండి తెలుపుతో వేసే ఇడితాల్ బొమ్మ దేవతలకీ పితరులకీ సంబంధించింది. దాన్ని ఉన్నదున్నట్టు దించి బడిగోడకి అలంకారంగా వెయ్యడం నాకిష్టం లేదు. ఊరి పెద్దల్ని బడికి పిలిచి, ఏది నేర్చుకోవచ్చో ఏది వద్దో వాళ్లనే అడగండి. నేర్చుకోదగ్గ పద్ధతులు చాలా ఉన్నాయి: ముందు అంచు కట్టి లోపలికి నింపుకుంటూ రావడం, వెదురు కొన నలిపి కుంచె చెయ్యడం, ఒక్క తెలుపుతోనే ఇంత ప్రపంచం చూపించడం. ఆ పద్ధతిలో పిల్లలు తమ తోట కథ వేస్తారు: నీళ్లు మోసే నాన్న, పందిరి కట్టే మామ, బీరకాయ ఎత్తుకుపోయే కోతి. రంగులు మనం చేసుకున్న మట్టి, బియ్యప్పిండే.

పదకొండో అడుగు: విత్తనం, పొట్లం, వేసవి

మార్చికి ఎర్రగుడ్డ కట్టిన మొక్కలన్నీ ఎండుతాయి. బెండకాయలు కదిపితే గలగలమంటాయి. గింజ తీసి, నీడలో ఆరబెట్టి, గాజు సీసాలో బూడిద, ఎండు వేపాకు వేసి ఉంచండి. వంగ, టమాటా గింజల్ని గుజ్జుతో సహా రెండు రోజులు పులియబెట్టి కడిగితే శుభ్రంగా వస్తాయి. దుకాణంలో కొన్న హైబ్రిడ్ మొక్కల నుంచి విత్తనం దాచొద్దు, మరుసటి ఏడాది అదే కాయ రాదు. ఎండిన ఆనపబుర్రకి పైన చిల్లు పెట్టి గింజలు దులిపితే లోపల ఖాళీ అవుతుంది. దాని మీద ఇనుపనీళ్ల నలుపుతో బొమ్మలు వేసుకోవచ్చు.

ఏడాది ఆఖరి ప్రాజెక్టు విత్తనాల పొట్లం. చదరపు కాగితాన్ని మూలకి మూల కలిపి త్రికోణంగా మడవాలి. కింది రెండు మూలల్ని ఎదుటి అంచులకి మడిచి, పై మూల ఒక పొరని ముందుకి జేబులా దోపితే పొట్లం తయారు. ముందువైపు ఆ మొక్క బొమ్మ, పట్టీలో గీసిన వాటిల్లో నచ్చినదాన్ని చూసి. వెనక పేరు తెలుగులో, ఒడియాలో, గింజ తీసిన నెల, విత్తాల్సిన కార్తె, విత్తనం ఎవరి ఇంటిదో.

వేసవి సెలవుల్లో మడులకి ఎండుగడ్డి కప్పి వదిలెయ్యండి. బచ్చలి, కరివేపాకు, మునగకి మాత్రం స్నానాలనీళ్లు మళ్లించండి, సబ్బు ఎక్కువ లేకుండా చూసుకుని.

పొట్లాలు పంచేటప్పుడు ఇంటి దగ్గర ఎంత చోటుందో అడిగి ఇవ్వండి. పందిరికి చోటు లేని పిల్లకి బీర గింజలిచ్చి లాభం లేదు, బెండ గానీ గోంగూర గానీ ఇవ్వండి. దడి ఉన్నవాళ్లకి చిక్కుడు, శంఖుపువ్వు. గుమ్మం ముందు ఒక్క కుండీ పెట్టే చోటే ఉంటే మిరప.